కేకులో మొదటి ముక్క

పొద్దున పార్కులో నడుస్తుంటే, ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు ఎవరో ఒకరు నా పక్కన చేరి, "ఆంటీ, ఇప్పుడు ఏ కోర్సు చేస్తే బావుంటుంది?" అని అడుగుతుంటారు. ఏళ్ళ తరబడి ఐటీ కన్సల్టింగ్‌లో మేనేజరుగా పనిచేసి రిటైరైనదాన్ని కదా, నా దగ్గర ఏదో కిటుకు ఉంటుందని వాళ్ళ ఆశ. "ముందు పక్కవాడితో నిలబడి కాఫీ తాగడం నేర్చుకో నాయనా" అంటాను. పెద్దావిడ చాదస్తం అనుకుని, నవ్వేసి, చెవుల్లో మళ్ళీ ఆ తెల్లపుల్లలు పెట్టుకుని ముందుకు పోతారు. ఆ చాదస్తమే ఒకప్పుడు ఒక టీమ్ మొత్తాన్ని ఈ దేశంలో నిలబెట్టింది. ఆ సంగతి ఒకసారి రాసి పెడితే, ఆయాసపడుతూ నడక మధ్యలో చెప్పే పని తప్పుతుందని ఇలా కూర్చున్నాను.

అమెరికాలో, జార్జియాలోని ఈ కమ్మింగ్‌కి రాకముందు నేను ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉండేదాన్ని. మనవాళ్ళే నడిపే చిన్న కన్సల్టింగ్ కంపెనీ మాది. మా క్లయింటు ఒక గోదాముల కంపెనీ. బ్రెజిల్‌లో, రెసీఫె అనే సముద్రపుటూరి చుట్టుపక్కల కొన్ని గోదాములను వాళ్ళు కొత్తగా కొన్నారు. అక్కడి పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే పని మా టీమ్‌కి వచ్చింది. అయితే క్లయింటు డైరెక్టరు ఒక మెలిక పెట్టాడు. ఆ గోదాములన్నీ చూసుకునే బ్రెజిల్ పెద్దావిడ మాతో పనిచెయ్యడానికి ఒప్పుకోవాలి. ఆవిడ వద్దంటే పని ఇంకో కంపెనీకి పోతుంది.

మా టీమ్‌లో అందరూ తెలుగువాళ్ళే, అందరూ హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళే. ప్రాజెక్టు పోతే వాళ్ళను ఊరికే కూర్చోబెట్టి జీతమిచ్చే స్తోమత మా కంపెనీకి లేదు. ఉద్యోగం పోతే రెండు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవాలి. టీమ్ లీడ్ వరంగల్ అబ్బాయి. పనిలో చురుకు, మాటలో మరీ పొదుపు. అప్పటికి అతని భార్యకు ఏడో నెల. నాకు ఆ భయం లేదు, సిటిజన్‌షిప్ ఎప్పుడో వచ్చింది. కానీ పొద్దున్నే అతని ముఖం చూస్తే ఆ భయం నాకూ అంటుకునేది.

బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీసు. అందుకని క్లయింటే ఒక టీచర్ని పెట్టి మా టీమ్‌కి క్లాసులు ఏర్పాటు చేశాడు. ఆవిడ రెసీఫె మనిషే. పెళ్ళి చేసుకుని ఆర్కన్సా వచ్చి, ఇంట్లో కేకులు చేసి అమ్ముతూ, వీలైనప్పుడు పాఠాలు చెప్పేది. మొదటిరోజు పుస్తకం లేకుండా వచ్చింది. ఒక ఫ్లాస్కు, బొమ్మరింటి సామానంత చిన్న కప్పులు బల్లమీద పెట్టింది. మా వాళ్ళు అప్పటికే లాప్‌టాప్‌లు తెరిచి తయారుగా ఉన్నారు.

"మేడం, సిలబస్ ఏది? ఎగ్జామ్ ప్యాటర్న్ ఎట్లుంటది, జర అడుగున్రి" అన్నాడు లీడ్ నాతో.

ఆవిడ సిలబస్ ఊసే ఎత్తలేదు. బ్రెజిల్‌లో ఆఫీసుకు వెళ్ళగానే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పలకరించాలని చెప్పింది. గుంపు మొత్తానికి కలిపి ఒక హాయ్ కొడితే లెక్కలోకి రాదట. "తుదు బెం?" అంటే బావున్నారా అని, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలట. కాఫీ కాకముందు పని మాట ఎత్తకూడదు. మధ్యాహ్నం బల్ల దగ్గరే కూర్చుని తినడం అంటే వాళ్ళకు జాలి. తిన్నాక ఆఫీసు బాత్రూమ్‌లో వరసగా నిలబడి పళ్ళు తోముకుంటారట. అది విని మా టీమ్‌లోని కాకినాడ అమ్మాయి, "శుభ్రమైన మనుషులండీ" అని మెచ్చుకుంది.

పుట్టినరోజు సంగతి కూడా ఆ క్లాసులోనే చెప్పింది. కేకు కోశాక మొదటి ముక్క ఎవరికివ్వాలో పుట్టినరోజు మనిషే తేలుస్తారు. తన మనసులో అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్ళకు ఇస్తారు. హోదా చూసి ఇవ్వరు. ఆ ముక్క ఎవరికి పోతుందా అని పెద్దా చిన్నా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారట, ఇళ్ళల్లో దానిమీద అలకలు కూడా వస్తాయట.

"ఇది ఎగ్జామ్‌ల వస్తదా?" అన్నాడు లీడ్.

ఆవిడ నవ్వింది. పోర్చుగీసు ఆన్‌లైన్ పరీక్ష ఒకటి రాయాలని క్లయింటు షరతు పెట్టిన మాట నిజమే. ఇక మా వాళ్ళ సంగతి మీకు చెప్పాలా. ఏ సర్టిఫికేషన్‌కైనా అంతకుముందు రాసినవాళ్ళ ప్రశ్నలు, జవాబులు పోగేసి బట్టీ కొట్టడం మనకు వెన్నతో పెట్టిన విద్య. దానికి 'డంప్స్' అని ముద్దుపేరు. రెండు రోజుల్లో వాట్సాప్ గ్రూపులోకి పోర్చుగీసు డంప్స్ వచ్చేశాయి. అందరూ మొదటి దెబ్బకే పాసయ్యారు, లీడ్‌కి నూటికి నూరు. సర్టిఫికెట్లు ప్రింట్ తీసి గోడకు అంటించారు. టీచర్ ఆ గోడను చూసి, "భాష వచ్చింది. మనుషులే మిగిలారు" అంది. ఈవిడకు మన స్పీడ్ అర్థం కాలేదని మా వాళ్ళు అనుకున్నారు.

బ్రెజిల్ వాళ్ళతో మొదటి వీడియో కాల్ ఆ మర్నాడే.

మన టీమ్‌లు కాల్‌లో ఎలా కూర్చుంటాయో మీకు తెలుసు. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. అక్కడ పెద్దావిడ, పక్కన ఇద్దరు, చేతిలో కాఫీ కప్పులతో, స్క్రీన్ నిండా నవ్వుతూ చేతులూపారు. ఇటు వరసగా నల్లటి గళ్ళు, వాటిమీద ఇంగ్లీషు పొడి అక్షరాలు. పెద్దావిడ ఆ గళ్ళకే ఒక్కొక్కదానికీ చెయ్యి ఊపి, అక్కడ వాన పడుతోందా అని అడిగింది.

"వెదర్ ఈజ్ ఫైన్. లెట్ మీ షేర్ మై స్క్రీన్. పాయింట్ నంబర్ వన్" అన్నాడు మా లీడ్.

పాయింట్లన్నీ గడగడా అయిపోయాయి. ఏమైనా ప్రశ్నలున్నాయా అంటే అటువైపు ఎవరూ నోరు విప్పలేదు. కాల్ పెట్టేశాక మా వాళ్ళు ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చరుచుకున్నారు. ఒక్క ప్రశ్న కూడా రాలేదంటే అంతా నచ్చినట్టే కదా అని వాళ్ళ లెక్క.

మర్నాడు డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. "గోడలతో మాట్లాడినట్టుంది, ఈ టీమ్ మాకొద్దు" అని ఆవిడ చెప్పిందట. నేను బతిమాలలేదు. ముఖాలు చూడకుండా వద్దనడం ఏ ఊరి న్యాయం, ఒకసారి రమ్మనండి, వచ్చి చూసి వద్దంటే మేమే తప్పుకుంటాం అన్నాను. నా నోటి దురుసు సంగతి ఆయనకు తెలుసు. ఒప్పుకున్నాడు. వాళ్ళు వచ్చి వారం రోజులు ఉంటారు. శుక్రవారం మూడింటికి మీటింగ్. అందులో అవునో కాదో తేలిపోతుంది.

ఆ మాట టీమ్‌కి చెప్పాను. లీడ్ నాతో బయటికి నడుస్తూ, "మా ఆమె క్లాజెట్ మీదికెల్లి సూట్‌కేసులు దించింది మేడం. హాల్‌ల ఎదురుంగనే పెట్టింది. ఇంట్లకి పోంగనే అవే కనిపిస్తయి" అన్నాడు.

ఆ సాయంత్రమే టీచర్‌కి ఫోన్ చేశాను. పుస్తకాలు పక్కన పెట్టి, అందరినీ ఆదివారం నా ఇంటికి పిలవమంది. ఆ రోజు తనే ముందుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "నమస్తే మేడం" అని వంటింటి వైపు ఒక కేక వేసి, సోఫాలో కూలబడి ఫోన్లు తీశారు. ఆవిడ అందర్నీ మళ్ళీ బయటికి పంపింది. లోపలికి వచ్చి, ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పలకరించి, అప్పుడు కూర్చోవాలి. మళ్ళీ వచ్చారు. మళ్ళీ పంపింది. పక్కింటి అమెరికా ఆయన గడ్డి కోసే మిషను ఆపేసి, ఇంతమంది నా ఇంట్లోకి వచ్చి వెళ్ళి వస్తుంటే ఏమైందోనని చూస్తూ నిలబడ్డాడు.

పలకరింపులో బుగ్గకు బుగ్గ ఆనించడం వాళ్ళ పద్ధతి అనేసరికి సగం మంది ముఖాలు పాలిపోయాయి.

"మేడం, గా బుగ్గల పని మాత్రం నాతోని కాదు. ఎవలన్న ఫోటో తీసి గ్రూప్‌ల పెడితే మా ఆమె నన్ను ఇంట్లకి రానియ్యది" అన్నాడు లీడ్.

"చెయ్యి కలుపు చాలు" అంది టీచర్, నేను విడమరిచి చెప్పాక. "కానీ కలిపినప్పుడు కళ్ళు ఫోన్‌లో ఉండకూడదు."

భోజనాలయ్యాక అందరూ బయల్దేరారు. బయల్దేరారంటే, చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డారు. అక్కడ మొదలైన కబుర్లు గరాజ్ దాకా సాగాయి, అక్కణ్ణుంచి కార్ల దాకా, కారు అద్దాలు దించి ఇంకాసేపు. టీచర్ మెట్లమీద కూర్చుని ఇదంతా చూస్తోంది. "మా ఊళ్ళో కూడా ఇంతే. వెళ్తాం అన్నాక ఒక గంటకు వెళ్తాం" అంది. తర్వాత, "మీకు ఇదంతా వచ్చు కదా. ఆఫీసులో ఎందుకు దాచుకుంటారు?" అని అడిగింది.

ప్రొఫెషనల్‌గా ఉండాలని మేమే చెప్పుకున్నాం, ఎవరూ మమ్మల్ని గోడల్లా ఉండమనలేదు. సోమవారం పొద్దున టీమ్‌కి ఒకటే మాట చెప్పాను. "ఇంట్లో ఎలా ఉంటారో అలా ఉండండి. రోట్లో తల పెట్టాం, ఇక రోకటిపోటుకు భయపడి లాభం లేదు."

ఆ పూటే పెద్దావిడ, కాల్‌లో పక్కన కనిపించిన ఇద్దరితో కలిసి దిగింది. అరవైకి దగ్గర వయసు, పొట్టి జుట్టు, ఎదుటి మనిషిని తూచినట్టు చూసే చూపు. ముందు నిలబడ్డ లీడ్ చెయ్యి కలిపి, "తుదు బెం?" అని అడిగి, అడిగాక ఆగాడు. ఆవిడ ఇంగ్లీషులో తన ప్రయాణం గురించి, కాళ్ళ వాపు గురించి, విమానంలో ఏడ్చిన పసిపిల్ల గురించి చెప్పింది. అంతా విన్నాడు. పసిపిల్ల దగ్గర తన భార్య సంగతి చెప్పాడు. ఎన్నో నెల, ఆడపిల్లా మగపిల్లాడా, ఏం తినాలనిపిస్తోంది అని ఆవిడ అడుగుతూనే ఉంది. ప్రొజెక్టర్ ఆ రోజు మధ్యాహ్నం దాకా వెలగలేదు. డైరెక్టరు గాజు తలుపులోంచి రెండుసార్లు తొంగి చూసి వెళ్ళాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

భోజనానికి ఎవరి డబ్బా వాళ్ళు బల్ల దగ్గరికి పట్టుకుపోకుండా, అన్నీ మీటింగ్ రూమ్ బల్లమీద పెట్టించాను. టమాటా పప్పు, పులిహోర, బెండకాయ వేపుడు, గోంగూర. పెద్దావిడ అన్నం మీద పప్పు చూసి కుర్చీ ముందుకు లాక్కుంది. వాళ్ళకూ రోజూ అన్నం, దానిమీద చిక్కుడుగింజల కూర ఉండాల్సిందేనట. సంచిలోంచి ఒక సీసా తీసింది. కర్రపెండలం పిండిని వేయించి చేసిన పొడి, 'ఫరోఫ' అంటారట. మనం కందిపొడి చల్లుకున్నట్టు పప్పన్నం మీద చల్లుకుని, పక్కవాళ్ళ కంచాల్లో కూడా అడక్కుండానే చల్లింది. అడక్కుండా వడ్డించే మనిషిని చూసి నా గుండె సగం కుదుటపడింది. తిన్నాక వాళ్ళు బ్రష్షులు తీసుకుని బాత్రూమ్‌కి వెళ్ళారు. మా లీడ్ కూడా జేబులోంచి కొత్త బ్రష్షు తీసి వెనకాలే వెళ్ళడం నేను చూశాను.

అసలు మలుపు బుధవారం వచ్చింది. పొద్దున కాఫీ దగ్గర లీడ్ పెద్దావిడను ఊరికే అడిగాడు, మీ గోదాములో కాఫీ ఎప్పుడు తాగుతారు అని. ఆవిడ ముఖం విచ్చుకుంది. పదింటప్పుడు ఒకామె బండిమీద ఫ్లాస్కులు తోసుకుంటూ వస్తుందట. మూటలెత్తేవాళ్ళు, లెక్క చూసేవాళ్ళు అందరూ చేతిలో స్కానర్లు కింద పెట్టి ఆ బండి చుట్టూ చేరతారు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి జ్వరం, ఎవరి జట్టు ఫుట్‌బాల్ ఓడింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. తనూ అలాంటి బండి దగ్గరే పని నేర్చుకున్నానంది.

లీడ్ కప్పు కింద పెట్టాడు. నా వైపు తిరిగి, "మేడం, మన స్క్రీన్‌ల అందరు ఒక్కపారి రెడ్ అయితరు" అన్నాడు.

మా సాఫ్ట్‌వేర్‌లో స్కానర్ కాసేపు కదలకపోతే ఆ మనిషి పేరు ఎర్రబడుతుంది. ఖాళీగా ఉన్నాడని పైవాళ్ళకు రిపోర్టు పోతుంది. అమెరికా గోదాముల కోసం రాసిన పద్ధతి అది. అక్కడ పెడితే, రోజూ పదింటికి గోదాము గోదామంతా పనిదొంగలని రిపోర్టు వెళ్తుంది.

తెలుగు రాకపోయినా ఆవిడ అతని ముఖం చదివింది. ఏమన్నాడు అని నన్నడిగింది. నేను చెప్పబోయేలోపే అతను లాప్‌టాప్ తెచ్చి, ఆ స్క్రీన్ తెరిచి, ఆవిడ ముందు పెట్టాడు. "మేడం, ఇది తప్పు. మీ వాళ్ళకు ఇది సరిపోదు" అని ఇంగ్లీషులో చెప్పాడు. మన పనిలో తప్పు క్లయింటు కంటపడకముందే మనమే తీసి చూపించడం మన శిక్షణలో ఎక్కడా లేదు. ఆవిడ ఆ ఎర్ర పేర్లను ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. "నేను ఈ ఊరు వచ్చింది దీనికోసమే. దీని గురించి ఎవరైనా అడుగుతారా లేదా అని చూడ్డానికి వచ్చాను. మొన్న కాల్‌లో మీ స్క్రీన్ చూపించినప్పుడే ఇది గమనించాను. పొద్దున పలకరించే తీరిక లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదని అప్పుడు చెప్పలేదు" అంది.

సాయంత్రానికల్లా మా వాళ్ళు స్క్రీన్ మీద చిన్న కప్పు బొమ్మ పెట్టారు. కాఫీ బండి వచ్చినప్పుడు దానిమీద వేలు పెడితే గడియారం ఆగుతుంది, ఎవరి పేరూ ఎర్రబడదు. కప్పు మరీ పెద్దగా ఉందని, తమ కప్పులు చిన్నవని ఆవిడ దిద్దించింది.

శుక్రవారం పెద్దావిడ పుట్టినరోజని ఆ కబుర్లలోనే తెలిసింది. కేకు మా టీచరే చేసింది, కొబ్బరి, చిక్కటి పాలతో. మా కుర్రాళ్ళిద్దరు పార్టీ స్ప్రే డబ్బాలు పట్టుకొచ్చారు. మనవాళ్ళ పుట్టినరోజంటే కేకు నోట్లోకి తక్కువ, ముఖానికి ఎక్కువ కదా. ఆ డబ్బాలు లాక్కుని నా హ్యాండ్‌బ్యాగులో పడేశాను. "ఆవిడ ముఖానికి కేకు పూశారంటే మన ప్రాజెక్టుకి నీళ్ళొదిలినట్టే" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. డైరెక్టరు కూడా వచ్చాడు. వాళ్ళ పాట చప్పట్లతో, హుషారుగా, మన భజనలా వేగం పెరుగుతూ పోతుంది. టీచర్ మాకు ముందే నేర్పింది కాబట్టి ఎవరూ తాళం తప్పలేదు. పెద్దావిడ కొవ్వొత్తి ఆర్పి, కళ్ళు మూసుకుని ఏదో కోరుకుంటూ, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం కేకును కింది నుంచి పైకి కోసింది. ఒక ముక్క పళ్ళెంలో పెట్టుకుంది. వాళ్ళ మనుషులిద్దరూ మాటలాపేశారు. టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మన అలవాటు మనది. లీడ్ పక్కకు జరిగి, "సర్ ఫస్ట్" అన్నట్టు డైరెక్టరు వైపు చెయ్యి చూపించాడు. డైరెక్టరు కూడా చెయ్యి ముందుకు చాచాడు. పెద్దావిడ ఆ చెయ్యి పక్కనుంచి నడిచి వచ్చి, పళ్ళెం తెచ్చి మా లీడ్ ముందు నిలబడింది.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నో నో మేడం, ప్లీజ్, సార్‌కి ఇవ్వండి" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు సామెతలోనే చెప్పారు, అది ఇక్కడ రాయను. ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే ఉంది, నవ్వు మాత్రం కాస్త సన్నబడుతోంది. వారమంతా కట్టుకున్నది ఆ రెండు చేతుల దగ్గర కూలిపోతుందనిపించింది.

"తీసుకో నాయనా" అన్నాను వెనకనుంచి, తెలుగులో, గట్టిగానే. "అది కేకు కాదు. క్లాసులో ఏం చెప్పారో గుర్తు తెచ్చుకో."

అతను ఆగిపోయాడు. ఎగ్జామ్‌లో వస్తుందా అని తను అడిగిన ప్రశ్న అతనికి గుర్తొచ్చిందని ముఖంలో తెలిసింది. రెండు చేతులతో పళ్ళెం అందుకున్నాడు. మన పద్ధతిలో ఒక తుంపు తుంచి ముందు ఆవిడ నోటికి అందించాడు. అది క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఒక్క క్షణం చూసి, నోరు తెరిచి తినేసి, అతన్ని దగ్గరికి లాక్కుని బుగ్గకు బుగ్గ ఆనించింది. టీమ్ అంతా ఈల వేసింది. ఎవరో ఫోటో కూడా తీశారు.

చప్పట్ల మధ్య డైరెక్టరు నా దగ్గరికి వచ్చి, మూడింటి మీటింగ్‌కి అందరూ తయారేనా అని అడిగాడు.

"మీటింగ్ అయిపోయిందండీ. మేము గెలిచాం" అన్నాను.

ఆయన అర్థం కాక పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ కేకు ముక్కలు పంచుతూనే తల ఊపింది. అప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఉద్యోగంలో అవార్డులు చాలా తీసుకున్నాను. వాటిల్లో ఒక్కటీ నన్ను అలా ఏడిపించలేదు.

లీడ్ కోసం చూస్తే గదిలో లేడు. వరండాలో కిటికీ దగ్గర నిలబడి, తన ముక్కలో సగం టిష్యూ కాయితంలో జాగ్రత్తగా చుడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని భార్యతో మాట్లాడుతున్నాడు.

"అవు, మనకే ఇచ్చింది. నీకు సగం తెస్తున్న. ఆ సూట్‌కేసులు ఇగ పైన పెట్టేద్దాం... వద్దు, వద్దు, నువ్వు ఎత్తకు. నేనొచ్చి పెడత."